అందరూ నిర్దోషులే, నెట్ మాత్రం రాదు

"కనెక్ట్ అయింది, ఇంటర్నెట్ లేదు" అని ఫోన్ చూపిస్తుందే, ఆ మాట అబద్ధమైనా బాగుండేది. అబద్ధమాడినవాణ్ణి నిలదీయొచ్చు. ఇది నిఖార్సయిన నిజం. ఫోన్‌కీ రౌటర్‌కీ మధ్య వైఫై భేషుగ్గా ఉంది, గీతలు నిండుగా ఉన్నాయి. రౌటర్‌కి అవతలే ఏమీ లేదు. కొత్త రౌటర్ కొన్న ఇళ్ళలో ఈ ఒక్క వాక్యం వారాల తరబడి పెత్తనం చేస్తోంది. పాతది పనికిరాదని కొత్తది తెచ్చారు, కొత్తది వచ్చాక పాతదే నయమంటున్నారు, ఎందుకైనా మంచిదని పాతదాన్ని పారేయకుండా అటక మీద దాచారు. హాల్లో వచ్చే నెట్ బెడ్రూంలోకి రాదు, బెడ్రూంలోకి వచ్చింది టీవీకి అందదు, ప్రింటర్ మౌనవ్రతం పట్టింది, గుమ్మం దగ్గరి కెమెరా ఈ ఇంటితో తనకేం సంబంధమన్నట్టు ఎర్రగా మినుకుమంటోంది. ఏదో చెడిపోయింది కాబట్టే ఈ అవస్థ అని అందరూ అనుకుంటారు. నేననేది, ఇందులో ఏదీ చెడిపోలేదని. ప్రతి డబ్బా తన పని తాను చక్కగా చేస్తోంది. చెడింది డబ్బాకీ డబ్బాకీ మధ్యనున్న సందు. ఆ సందు నాదని ఒప్పుకునే నాథుడు లేడు గనక, నెలనెలా బిల్లు కట్టేవాడి నెత్తిన పడింది.

సాక్ష్యం కావాలంటే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయండి. "సర్, మా బాక్స్ దాకా సిగ్నల్ కరెక్టుగా వస్తోంది, ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి" అంటారు. నిజమే, వస్తోంది. రౌటర్ అమ్మిన షాపుకి వెళ్ళండి. "సార్, మీ ముందే సీలు కోసి ఇచ్చాను కదా" అంటాడు. అదీ నిజమే, కోశాడు. వాళ్ళిద్దరూ చెప్పనిది ఒకటుంది. కంపెనీ కుర్రాడు గోడకి బిగించి వెళ్ళిన ఆ ఫైబర్ బాక్స్ చాలా ఇళ్ళలో తానే ఒక రౌటర్. మీరు తెచ్చింది రెండోది. ఇంట్లో ఫోన్లకీ టీవీలకీ నంబర్లు పంచే అధికారం నాదంటే నాదని రెండూ అనుకుంటాయి. పైగా రెండూ తమ చిరునామా 192.168.1.1 అని చెప్పుకునే అవకాశం బాగా ఎక్కువ. ఇళ్ళలోపలా ఆఫీసుల్లోపలా వాడుకోవడానికని 1990ల్లో విడిగా తీసిపెట్టిన అంకెలివి. అమెరికాలో ఇంటికైనా అమలాపురంలో ఇంటికైనా అవే. లోపలా అదే చిరునామా, బయటా అదే చిరునామా అయితే ఉత్తరం ఎటు పంపాలో ఏ రౌటర్‌కి తెలుస్తుంది? దీనికి మందు లేకపోలేదు. కంపెనీ బాక్సుని రౌటర్ పని మానేసేలా బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టాలి, లేదా కొత్తదాన్ని నంబర్లు పంచకుండా వైఫై మాత్రం ఇచ్చే యాక్సెస్ పాయింట్‌గా మార్చాలి. బ్రిడ్జ్ అంటే కనెక్షన్ తాలూకు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కొత్త రౌటర్‌లో కొట్టాలి. అవి కంపెనీ దగ్గరుంటాయి. కొన్ని కంపెనీలు పాత రౌటర్ నంబరుకే కనెక్షన్‌ని ముడేస్తాయి. ఆ ముడి వాళ్ళ ఆఫీసులో ఎవరో విప్పాలి. ఆ విప్పే మనిషి ఎప్పుడూ ఫీల్డ్‌లోనే ఉంటాడు.

ఇక వైరు సంగతి. 300 ఎంబీపీఎస్ ప్లాన్‌కి డబ్బు కడుతుంటే స్పీడ్ టెస్ట్ 94 దాకా వచ్చి అక్కడే బైఠాయించిందనుకోండి. రౌటర్‌ని తిట్టకండి, వైరు చివర చూడండి. గోరంత ప్లాస్టిక్ క్లిప్పులో ఎనిమిది రాగితీగలుంటాయి. నారింజ చార, నారింజ, ఆకుపచ్చ చార, నీలం, నీలం చార, ఆకుపచ్చ, గోధుమ చార, గోధుమ. ఈ వరస తప్పకుండా పరిచి, చివరలు సమంగా కత్తిరించి, లోపలికంటా తోసి, క్రింపింగ్ టూల్‌తో ఒక్క నొక్కు నొక్కాలి. వంద దాకా నడవడానికి నారింజ జత, ఆకుపచ్చ జత ఉంటే చాలు. వెయ్యి నడవాలంటే ఎనిమిదీ అంటుకోవాలి. ఒక్క నీలం తీగ లోపలిదాకా వెళ్ళకపోతే ఇటు బాక్సూ అటు రౌటరూ గొడవ చేయవు, ఎర్ర లైటు వెలిగించవు. మంచి సంసారపక్షంగా సర్దుకుని వందకి దిగిపోతాయి. దిగామన్న మాట ఎవరితోనూ అనవు. మరి ఆ వైరు క్రింప్ చేసిన కుర్రాడిది తప్పా? ఆనాడు ఆ ఇంటిది 50 ప్లాన్. నాలుగు తీగలతో ఆనాటి పని జరిగిపోయింది. అతనూ నిర్దోషే.

అన్నిటికంటే పెద్ద సందు గాలిలో ఉంది. దీన్ని గురించి కొంచెం విస్తారంగా చెప్పాలి; అక్కర్లేదన్నా చెబుతాను. మన రెవెన్యూ రికార్డుల్లో లాగే రేడియో తరంగాల్లోనూ పట్టా భూములున్నాయి, పోరంబోకు ఉంది. సెల్ కంపెనీలు వేల కోట్లు పోసి వేలంలో పాడుకున్నవి పట్టా భూములు. ఇంకొకడు కాలు పెడితే కేసే. వైఫై మొదటినుంచీ కాపురమున్న 2.4 గిగాహెర్ట్జ్ మాత్రం అచ్చమైన పోరంబోకు. 1947లో అట్లాంటిక్ సిటీలో దేశాలన్నీ కూర్చుని తరంగాలు పంచుకున్నప్పుడు, ఈ ముక్కని పరిశ్రమలకీ వైద్యానికీ వేడి పుట్టించే యంత్రాలకీ వదిలేశారు. మైక్రోవేవ్ పొయ్యి అమ్మకానికి వచ్చిందీ ఆ రోజుల్లోనే. ఇప్పటికీ దాని నివాసం అదే సర్వే నంబరు. 1985లో అమెరికా, లైసెన్సు లేకుండా ఎవరైనా అక్కడ గుడిసె వేసుకోవచ్చు గానీ పక్కవాడి రొద భరించాలి, ఫిర్యాదు చేయకూడదు అని షరతు పెట్టి అనుమతించింది. 1997లో వైఫై ప్రమాణం వచ్చింది. తక్కువ శక్తితో వాడుకునేవాళ్ళకి లైసెన్సు అక్కర్లేదని మన దేశం 2005లో చెప్పింది. మొత్తం విస్తీర్ణం 83.5 మెగాహెర్ట్జ్. అందులో 13 ప్లాట్లు, అంటే ఛానెళ్ళు, గీశారు. ఒక్కో ప్లాటు వెడల్పు 5, అందులో కట్టాల్సిన ఇంటి వెడల్పు 20. ఈ లేఅవుట్ వేసిన మహానుభావుడెవరో మన దగ్గర రియల్ ఎస్టేట్ చేసి వెళ్ళినవాడే అయుండాలి. ఒకరి గోడ ఒకరికి తగలకుండా కట్టుకోవాలంటే 1, 6, 11 నంబర్లలో మూడే మూడిళ్ళు పడతాయి.

ఇప్పుడు కూకట్‌పల్లిలో ఏ ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లోనైనా ఫోన్‌లో వైఫై జాబితా తెరవండి. వేలితో తోసేకొద్దీ పేర్లు వస్తూనే ఉంటాయి. అందరి కాపురం ఆ మూడిళ్ళ స్థలంలోనే. ఒకాయన మూడో నంబరులో కట్టి ఇటు ఒకటినీ అటు ఆరునీ కూడా తగులుకున్నాడు. ఇంకొకాయన రౌటర్ స్పీడు పెరుగుతుందని వెడల్పు 40కి మార్చి సగం పోరంబోకు కబ్జా చేశాడు. సెకనుకి 1600 సార్లు చోటు మార్చే బ్లూటూత్ తోపుడుబండ్లు మధ్యలో తిరుగుతుంటాయి. ఇంతలో పై ఫ్లాట్‌లో ఎవరో పాలు వెచ్చబెట్టుకుంటారు; మైక్రోవేవ్ తలుపు సందులోంచి కారే ఆ కాస్త రొద, ఆరోగ్యానికి హాని చేయని ఆ కాస్తే, మీ వీడియో కాల్‌లో మేనేజర్ నోరు తెరిచినవాణ్ణి తెరిచినట్టే నిలబెట్టేస్తుంది. చెప్పుకోవడానికి తహసీల్దారు లేడు, బుల్డోజర్ రాదు. 5 గిగాహెర్ట్జ్‌కి మారిపోవచ్చు కదా అంటారు. మారవచ్చు. 2018లో మన ప్రభుత్వం అక్కడ ఏకంగా 605 మెగాహెర్ట్జ్ వదిలింది. విశాలమైన కొత్త కాలనీ. అయితే అక్కడి తరంగానికి గోడలు పడవు. మనవేమో ఇటుక గోడలు, సిమెంటు శ్లాబులు, గోడకానించిన ఇనప బీరువాలు. హాల్లో వీరవిహారం చేసే నెట్ రెండు గోడలు దాటేసరికి నీరసించిపోతుంది. గోడ మటుకు ఏం తప్పు చేసింది? గోడ పనే అడ్డుకోవడం.

మాన్యువల్ చదువుకోరేం అని కొందరంటారు. చదివినవాళ్ళ సంగతే నేను మాట్లాడుతున్నది. తన రౌటర్ గురించి చెప్పే కాగితానికి గోడమీది బాక్స్ గురించి తెలియదు. తెలిసే బాధ్యతా దానికి లేదు. రెండు మూడు డబ్బాల మెష్ కొనుక్కోమని ఇంకొందరంటారు. పెద్ద ఇంటికి అది మంచి ఉపాయమే, కాదనను. కానీ నీలం తీగ అంటుకోని వైరుకి ఎన్ని డబ్బాలు తగిలించినా పంచుకునేది ఆ 94నే. అసలు ఇంత చవగ్గా నెట్ దొరుకుతుంటే ఈ ఏడుపేమిటనేది మూడో అభ్యంతరం. ఇందులో న్యాయముంది. ల్యాండ్‌లైన్ కోసం దరఖాస్తు పెట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూసిన దేశం మనది. వచ్చిన ఫోన్ వానాకాలమంతా మూగబోతే లైన్‌మన్‌ని బతిమాలుకున్న జనం మనమే. కాకపోతే ఆ లైన్‌మన్‌కి స్తంభం నుంచి రిసీవర్ దాకా అంతా తన పనే. ఇవాళ ధర తగ్గిన మాట నిజం; తగ్గిన చోట ఆయన ఉద్యోగం కూడా పోయింది. ఆ ఉద్యోగంలో మనం చేరాం. జీతం లేదు, డ్యూటీ రాత్రి తొమ్మిది తర్వాత.

ఆ డ్యూటీ చేయలేనివాళ్ళున్నారు. తెనాలిలోనో కరీంనగర్‌లోనో డెబ్భై దాటిన ఇద్దరే మిగిలిన ఇళ్ళున్నాయి. ఆ ఇంటికి నెట్ పెట్టించింది డల్లాస్‌లో ఉన్న కొడుకు, మనవరాలు కనబడుతుందని. కొత్త రౌటర్ ఆన్‌లైన్‌లో పంపించిందీ వాడే. అది పనిచేయదు. వాడు మామూలు కాల్ చేసి, "అమ్మా, రౌటర్ తిరగేసి కింద కాగితం మీదున్నది చదువు" అంటాడు. అక్కడున్నది చిన్న ఎల్లో, ఒకటో, సున్నానో, ఓనో భూతద్దానికి కూడా తెలియదు. ఇక్కడ మధ్యాహ్నం, అక్కడ అర్ధరాత్రి దాటింది. వాడి గొంతులో విసుగు రాకముందే ఆవిడ కనిపెట్టి, "పడుకోరా నాన్నా, మాకిప్పుడు అంత అవసరమేముంది" అంటుంది. ఆ మాట నిజం కాదని ఇద్దరికీ తెలుసు. ఆ ఇంట్లో రౌటర్‌ని మళ్ళీ ఎవరూ ముట్టుకోరు, ఉన్నది కూడా పోతుందేమోనని.

నిజానికి ఈ బాధలో పెద్ద ముక్కకి విరుగుడు ఒక్క వాక్యంలో ఉంది. పాత వైఫై పేరేదో, పాత పాస్‌వర్డేదో, చిన్నబడి పెద్దబడి అక్షరాలతో సహా అవే కొత్త రౌటర్‌కి పెట్టండి. ఫోన్లు, టీవీ, కెమెరా రౌటర్ మారిన సంగతే పట్టించుకోకుండా దాదాపు అన్నీ వచ్చి అతుక్కుంటాయి. మొండికేసేవి సాధారణంగా పాత ప్రింటర్లూ చవక కెమెరాలూ, అవి 2.4 తప్ప ఎరగవు, కొత్త డబ్ల్యూపీఏ3 తాళం తీయడం వాటికి రాదు. వాటికోసం 2.4కి వేరే పేరు పెట్టి డబ్ల్యూపీఏ2 ఉంచితే ఆ గొడవా తీరుతుంది. ఈ నాలుగు ముక్కలూ తెలుగులో, డెబ్భై ఏళ్ళ కళ్ళకి ఆనే అక్షరాల్లో డబ్బా మూత లోపల అచ్చువేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు. దానికి బదులు మూత మీద ఒక బొమ్మ వేస్తారు. ఆరు యాంటెన్నాల రౌటర్, దాని చుట్టూ నీలిరంగు అలలు, సోఫాలో నలుగురు నాలుగు తెరలు చూస్తూ నవ్వుతుంటారు. ఆ ఇంట్లో గోడలున్న జాడ మాత్రం ఎక్కడా కనబడదు.