టు-లెట్: రీసెర్చి వాళ్లకు మాత్రమే

తార్నాకలో మెట్రో ఎక్కి ఉప్పల్ వైపు వెళ్తుంటే, మనిషి బుర్రకు తట్టగల ప్రశ్నల్లో సగం పది నిమిషాల్లో కిటికీ పక్క నుంచి వెళ్లిపోతాయి. 1944లో నిజాం రాజ్యంలో మొదలై, పేర్లు మార్చుకుంటూ వచ్చి ఐ.ఐ.సి.టి.గా స్థిరపడ్డ రసాయనాల సంస్థ. జీవకణం గుట్టు విప్పే సి.సి.ఎం.బి. భూమి కడుపులో ఏముందో చూసే ఎన్.జి.ఆర్.ఐ. దీని పేరైతే ఏకంగా స్టేషనుకే పెట్టేశారు. ఉప్పల్ చేరితే డి.ఎన్.ఏ. ముద్రల సి.డి.ఎఫ్.డి., సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల శిక్షణ సంస్థ. తార్నాకలో వెనక్కి తిరిగితే తిండి మీద పరిశోధించే ఎన్.ఐ.ఎన్., ఆ పక్కన ఉస్మానియా, భాషలు నేర్పే ఇఫ్లూ.

ఇన్ని ప్రశ్నలకు జవాబులు వెతికే పిల్లలందరికీ హాస్టల్ గదులు చాలవు. కాబట్టి వాళ్లు హబ్సిగూడ వీధుల్లోకి, హెచ్.ఎం.టి. నగర్‌లోకి, స్నేహపురిలోకి, చిలకానగర్‌లోకి, నాచారంలోకి గదుల కోసం బయల్దేరతారు. ఆ సందుల్లోనే మన కథానాయకుడు గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటాడు. ఆయన పేరు ఎవరికీ తెలియదు. అందరికీ ఓనర్ అంకులే.

ఈ జాతి ఓనర్లు ఎక్కువగా వరంగల్ రోడ్డు పట్టుకుని వచ్చినవాళ్లు. భువనగిరి, ఆలేరు, జనగామ వైపు నుంచి బస్సెక్కి ఉప్పల్ రింగ్ రోడ్డులో దిగి, ఇక ముందుకెళ్లే ఓపిక లేక అక్కడే ఉండిపోయినట్టు ఉంటారు. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఏదో ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు షిఫ్టులు చేసి, రెండొందల గజాల జాగా కొని, కింద ఒక పోర్షను, పైన రెండు, ఆ పైన రేకుల గదులు వేసి రిటైరవుతారు. మొదట్లో బోర్డు మీద ‘ఫ్యామిలీస్ ఓన్లీ’ అనే ఉండేది. ఎప్పుడో ఒకసారి గతిలేక ఒక రీసెర్చి కుర్రాడికి గది ఇచ్చారు. పొద్దున తొమ్మిదింటికి పోతాడు, రాత్రి పదకొండింటికి వస్తాడు. చుట్టాలు రారు. వంట అంటే మ్యాగీ. ఆదివారం కూడా ల్యాబులోనే. నీళ్లు వాడడు, కరెంటు కాల్చడు, ముఖ్యంగా పెళ్లి చేసుకోడు. ఇంతకంటే పవిత్రమైన కిరాయిదారు ముల్లోకాల్లో లేడని ఓనరుకు ఆరోజే అర్థమైంది. బోర్డు మారింది.

గది చూపించే ముందు ఆయన చేసే ఇంటర్వ్యూ, పిహెచ్.డి. ప్రవేశానికి చేసేదాని కంటే గట్టిది.

“ఏ ల్యాబు బాబూ?”

“సి.సి.ఎం.బి. అంకుల్.”

“జె.ఆర్.ఎఫ్.ఆ, ప్రాజెక్టా?”

“జె.ఆర్.ఎఫ్.”

“గైడ్ సారు రిటైర్మెంటు ఎప్పుడు?”

ఈ మూడో ప్రశ్నకు కుర్రాడు తడబడతాడు. ఓనరుకు మాత్రం కారణం ఉంది. గైడు ఇంకా పదేళ్లు సర్వీసులో ఉంటే థీసిస్ ఏడేళ్లు నడుస్తుంది, గది ఏడేళ్లు నిండి ఉంటుంది. గైడు రెండేళ్లలో దిగిపోయేవాడైతే కుర్రాణ్ని తోసి మరీ పూర్తి చేయిస్తాడు, గది ఖాళీ అవుతుంది. జె.ఆర్.ఎఫ్. ఫెలోషిప్ ముప్పై ఒక్క వేల నుంచి ముప్పై ఏడు వేలకు పెరిగిన ఉత్తర్వు 2023 జనవరి ఒకటి నుంచి వర్తిస్తుందన్న సంగతి కొందరు స్కాలర్లకు ఆలస్యంగా తెలిసిందేమో గానీ, ఓనరుకు ఆ వారమే తెలిసింది. కిరాయి పెంపు కూడా అదే తేదీ నుంచి వర్తించింది. అయితే ఫెలోషిప్ డబ్బులు నెలల తరబడి రాని కాలాలూ ఉంటాయి. అప్పుడు ఆయన ఒక్క మాట అనడు. “వచ్చినంక ఇయ్యి బిడ్డా” అంటాడు. పైగా ఆదివారం బగారన్నం పంపిస్తాడు. ఈ ఒక్క గుణం చూసి మిగతావన్నీ క్షమించేయొచ్చు.

మిగతావి అంటే, ఆయనకు ఉన్న ఒకే ఒక నమ్మకం: దేశంలోని పరిశోధన అంతా తన ఇంటి సమస్యలు తీర్చడానికే జరుగుతోందని.

ఎన్.జి.ఆర్.ఐ. కుర్రాడు దిగిన మొదటి వేసవిలో పాత బోరు ఎండింది. ఓనరు కుర్రాడి భుజం మీద చెయ్యేసి పెరట్లోకి తీసుకెళ్లాడు.

“ఎన్ని ఫీట్లకు పడ్తయ్?”

ఆ కుర్రాడిది శ్రీకాకుళం వైపు. పద్ధతిగా మొదలుపెట్టాడు. మన కిందున్నది దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు అంకుల్. గట్టి రాయిలో నీళ్లు నిలవవు, పైన శిథిలమైన పొరలోనూ, లోపల పగుళ్లలోనూ ఉంటాయి. నేలలో నాలుగు కడ్డీలు పాతి, చివరి రెండింట్లోంచి కరెంటు పంపి, మధ్య రెండింటి దగ్గర వోల్టేజీ కొలుస్తాం. తడి ఉన్నచోట కరెంటు తేలిగ్గా పోతుంది. గట్టి రాయిలో పోదు. కానీ కడ్డీలు దూరందూరంగా పాతాలి, మన పెరడు చాలదు...

ఓనరు అంతా విన్నాడు. “రెండొందల యాభై కోట్ల ఏండ్ల కింది ముచ్చట చెప్పినవ్. రెండొందల యాభై ఫీట్ల కింద ఏమున్నదో చెప్పరాదా?” అన్నాడు.

కుర్రాడు నోరు తెరిచి మూశాడు. ఎదురు చెప్పడానికి వాడి సిలబసులో ఏమీ లేదు.

మాట మళ్లించడానికి కాబోలు, మహారాష్ట్రలోని కొయ్నా గురించి చెప్పాడు. అక్కడ డ్యాము కట్టి నీళ్లు నింపాక భూకంపాలు మొదలయ్యాయి, 1967 డిసెంబరులో పెద్దది వచ్చింది, వాటి సంగతి ఎన్.జి.ఆర్.ఐ. వాళ్లు ఏళ్ల తరబడి చూస్తున్నారు, ఈమధ్య భూకంపం పుట్టే చోటును దగ్గర నుంచి పరీక్షించాలని మూడు కిలోమీటర్ల లోతు బోరు కూడా వేశారు అన్నాడు. ఓనరు కళ్లు పెద్దవయ్యాయి. మనసులోనే ఫీట్లలోకి మార్చి, ఫీటుకు ఇంత అని, కేసింగు పైపుకు ఇంత అని లెక్కవేశాడు.

“పదివేల ఫీట్లు ఏసిన్రా! నీళ్లు పడలేదా?”

“నీళ్ల కోసం కాదంకుల్.”

“మరి?”

ఈ ‘మరి’కి జవాబు చెప్పడానికి ఆ రాత్రి కుర్రాడికి గంటన్నర పట్టింది. అయినా ఓనరు ఒప్పుకోలేదు. మర్నాడు కొబ్బరికాయ చేతిలో పట్టుకుని నడిచే మనిషి వచ్చాడు. కాయ నిక్కపొడుచుకున్నచోట ముగ్గు వేశాడు. వాస్తు ఆయన వచ్చి ఈశాన్యం అన్నాడు. చివరకు బోరు లారీ వచ్చింది. దాని డ్రైవరు ఒకసారి సందును, ఒకసారి గేటును చూసి, బండి నిలబడేది ఇక్కడొక్కచోటే అన్నాడు. భూభౌతిక శాస్త్రం, కొబ్బరికాయ, వాస్తు మూడూ గేటు పక్కకు తప్పుకున్నాయి. బోరు అక్కడే పడింది. వీధంతా బూడిదరంగు రాతిపొడి, మూడు రోజులు ఎవరూ బట్టలు ఆరేయలేదు. రెండించుల నీళ్లు పడ్డాయి. ఘనత కొబ్బరికాయకు దక్కింది. ఎన్.జి.ఆర్.ఐ. కుర్రాడు ఆ తర్వాత నెల రోజులు ఓనరు కంట పడకుండా మెట్లెక్కాడు.

సి.సి.ఎం.బి. అమ్మాయి సంగతి వేరు. పళ్ల మీద ముసిరే చిన్న ఈగల మీద ఆమె పని. ఈగల్ని సీసాల్లో పెంచుతామని, మొక్కజొన్న పిండి ఉడకబెట్టి మేత వేస్తామని చెప్పింది. ఓనరు ఆ వార్తను వీధి చివరి కిరాణా కొట్టు దాకా మోసుకెళ్లాడు. “ఈగలకు మక్క గట్క వెట్టి సాదుతున్నరట! మా ఇంట్ల ఉత్తపుణ్యానికి పెరుగుతున్నయ్, వచ్చి పట్టుకపొమ్మనుండ్రి.” మనుషుల జబ్బులతో సంబంధమున్న జన్యువుల్లో ముప్పాతిక వంతుకు ఈగలో కూడా జోడీ దొరుకుతుందని ఆమె చెబితే, “అందుకే గావచ్చు, మా తమ్ముడు స్వీట్ల మీదనే ఉంటడు” అన్నాడు. అదే సంస్థ, రాజేంద్రనగర్ వరి పరిశోధకులతో కలిసి సాంబమసూరికి ఎండాకు తెగులును తట్టుకునే శక్తి చేర్చి 2008లో విడుదల చేసిందనీ, ఆ బియ్యం రక్తంలో చక్కెరను త్వరగా పెంచవనీ, గ్లైసిమిక్ సూచీ 51 దగ్గరే ఉంటుందనీ ఆమె చెప్పినప్పుడు మాత్రం ఓనరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆయనకు సుగరు. సైన్సంటే ఇదీ అన్నాడు. బస్తా తెప్పించాడు. తక్కువ సూచీ కదా అని ఒక పళ్లెం బదులు రెండు పళ్లేలు తిన్నాడు.

దీన్ని పట్టుకున్నది పక్క గదిలోని ఎన్.ఐ.ఎన్. అమ్మాయి. ఆ సంస్థ కూనూరులో పుట్టి 1958లో, తనలాగే, హైదరాబాదు వచ్చిందని తెలిసినప్పటి నుంచి ఓనరుకు దాని మీద ఊరివాళ్ల మీద ఉండే అభిమానం ఉంది. 528 తిండి పదార్థాల్లో ఏయే పోషకాలు ఎంతెంత ఉన్నాయో లెక్కగట్టిన 2017 నాటి వాళ్ల పుస్తకం చూసి, అందులో సర్వపిండి ఎక్కడుందని వెతికాడు. ఆ అమ్మాయి ఆయన రెండో పళ్లెం తీసేయించింది. పైగా 2024లో వచ్చిన ఆహార మార్గదర్శకాల్లో భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ తాగొద్దని ఉందని ఆంటీ చెవిన వేసింది. ముప్పై ఏళ్ల సంసారంలో ఆంటీకి దొరికిన మొదటి ప్రభుత్వ మద్దతు అది. ఓనరు ఊరుకోలేదు. ఎదురింటాయన కాకరకాయ రసం తాగి సుగరు పోగొట్టుకున్నాడని వాదించాడు. “ఒక్కరిని చూసి చెప్పకూడదంకుల్, శాంపుల్ సైజు చాలదు” అంది ఆ అమ్మాయి. ఆ రెండు మాటలూ ఆయనకు పిచ్చిగా నచ్చాయి. ఆ రోజు నుంచి కూరగాయల బండివాడు నాలుగు టమాటాలు చూపించి తాజావంటే, శాంపుల్ సైజు చాలదని బుట్ట అంతా కుమ్మరింపిస్తున్నాడు.

సి.డి.ఎఫ్.డి. ఒకప్పుడు నాచారంలోనే ఉండేది కాబట్టి అది తన సొంత ల్యాబు అన్నట్టే మాట్లాడతాడు. మెట్ల మూల ఎవరో గుట్కా ఉమ్మి పోతున్నారు. ఓనరు ఒక పాత మందు సీసా, ఇయర్‌బడ్ పట్టుకుని ఆ ల్యాబు స్కాలరు తలుపు కొట్టాడు. ఉమ్మిలో డి.ఎన్.ఏ. ఉంటదని నువ్వే అన్నవ్, తీసి చెప్పు అన్నాడు. అక్కడ ముద్రల పరీక్షకు కేసులు కోర్టుల నుంచి, పోలీసుల నుంచి రావాలని పిల్లవాడు వేడుకున్నాడు. ఓనరు కోర్టుకు కూడా సిద్ధమే. పక్క పోర్షను వాళ్లు భయపడి గుట్కా మానేశారు. డి.ఎన్.ఏ. పరీక్ష జరక్కుండానే నేరం ఆగిపోయిన కేసు ఇదొక్కటేనేమో.

ఐ.ఐ.సి.టి. కుర్రాడు సముద్రపు స్పంజిలో దొరికే ఏదో పదార్థాన్ని ల్యాబులో తయారు చేస్తున్నాడు. నాలుగేళ్లకు ఐదు మిల్లీగ్రాములు వచ్చింది. స్వీట్లు పంచాడు. స్వీటు బరువు ఎక్కువుందని ఓనరు అన్నాడు. ఉస్మానియా ఇంజనీరింగ్ స్కాలరు రోడ్డు గుంతల్ని ఫొటోలో కంప్యూటరే గుర్తుపట్టేలా నేర్పిస్తున్నాడు. నాచారం చౌరస్తాలో నిలబడితే కళ్లు మూసుకుని కూడా గుర్తుపట్టొచ్చు అని ఓనరు అభిప్రాయం. ఇంటి మోటారు తనంతట తాను ఆగేట్టు చేయమంటే అది తన స్పెషలైజేషన్ కాదన్నాడు. వీధి ఎలక్ట్రీషియన్ వచ్చి పావుగంటలో చేశాడు. ఇఫ్లూ అమ్మాయిని మనవరాలికి సరైన ఇంగ్లీషు నేర్పమంటే, ‘సరైన’ ఇంగ్లీషంటూ ఒకటి లేదన్నదే తన థీసిసని చెప్పింది. రేపు మనవరాలికి వీసా ఇచ్చే ఆఫీసరుకు ఆ సంగతి ఎవరు చెప్పాలి? గణితం కుర్రాడిని మాత్రం ఏమీ అడగడు. వాడు చీకట్లో కూర్చుని గోడను చూస్తుంటాడు, కరెంటు బిల్లు రాదు.

అందరికంటే చిన్నచూపు పడ్డది తెలుగు స్కాలరు మీద. జె.ఆర్.ఎఫ్. లేదు, ల్యాబు లేదు. తెలుగులో పరిశోధించడానికి ఏముంటది, మనకు వస్తనే ఉండె గదా అన్నాడు ఓనరు. ఉస్మానియాలో బిరుదురాజు రామరాజు 1950లలోనే జానపద గేయాలను థీసిసుకెక్కించి దారి వేశారని చెబితే తలాడించాడంతే. సినారె కూడా అక్కడే ఆధునిక కవిత్వం మీద డాక్టరేటు చేశారని విన్నాక కాస్త కదిలాడు. ఎన్టీఆర్ ‘గులేబకావళి కథ’కు పాటలు రాసినాయనకు పిహెచ్.డి. ఉందా! ఎన్టీఆర్ స్టూడియో కట్టుకున్న నాచారంలో ఆ ముక్క చాలు. ఆ నెల అడ్వాన్సు అడగలేదు.

ఆ కుర్రాడు చేసిన పని ఏమిటంటే, ఓనరును వదిలేసి ఓనరు తల్లిని పట్టుకున్నాడు. ఎనభై దాటిన ఆ అవ్వ రోజూ మూలన కూర్చుని తనలో తాను ఏదో అనుకుంటూ ఉండేది. ఇంట్లో ఎవరూ పట్టించుకునేవారు కాదు. కుర్రాడు ఫోను ముందుపెట్టి, అవ్వా, మీ ఊళ్లో బతుకమ్మకు ఏం పాడేవాళ్లు, నాట్లేసేటప్పుడు ఏం పాడేవాళ్లు అని అడిగాడు. ఇక చూడండి. పొద్దున మొదలుపెడితే దీపాల వేళ దాకా ఆగలేదు. ఈగల అమ్మాయి, స్పంజి కుర్రాడు, బోరు కుర్రాడు కూడా వచ్చి మెట్ల మీద కూర్చున్నారు. పాటలో తూము, మత్తడి, కట్ట అంటూ వస్తుంటే బోరు కుర్రాడు ఆ చెరువు ఏ వాలులో ఉందని అడిగాడు. దంపుడు బియ్యం పేర్లు వస్తుంటే ఎన్.ఐ.ఎన్. అమ్మాయి రాసుకుంది. ఒకే రోడ్డు మీద ఏళ్లుగా గోడకు గోడ ఆనించుకుని ఉన్న సంస్థల మనుషులు ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టడం ఆ వీధిలో నేను చూసింది ఆ మెట్ల మీదే. ఓనరు కూర్చోలేదు. నిలబడి, “గా పాట నాకు గూడ ఎరుకే” అని మధ్యమధ్య అంటూ వచ్చాడు. ఎవరూ ఫోను ఆయన వైపు తిప్పలేదు.

థీసిసులో అవ్వ పేరు ఎక్కింది. వయసు, ఊరు సహా. ఓనరు పేరు కృతజ్ఞతల పేజీలో ‘ఇంటి యజమాని గారు’ అన్న చోట కలిసిపోయింది. టీవీ పక్క షోకేసులో ఆయన దగ్గర ఇప్పటికి చాలా థీసిసులు పోగయ్యాయి. అన్నిట్లోనూ చదివింది ఆ ఒక్క పేజీయే. దాని అంకె రోమన్‌లో ఉండటం ఆయనకు గిట్టదు. “అసలు పేజీలల్ల ఎక్కియ్యరాదా? కిరాయి అసలుదే తీసుకుంటున్న గదా.”

ఈమధ్య సోషియాలజీ అమ్మాయి ఒకామె గది కోసం కాదు, ఓనరు కోసమే వచ్చింది. నగరం తూర్పు వైపున ఇళ్ల యజమానులు, కిరాయిదారుల మధ్య సంబంధాలు ఆమె అంశం. ప్రశ్నాపత్రం తీసి, మీరు పరిశోధక విద్యార్థులకే గది ఎందుకిస్తారు సార్ అని అడిగింది. ఇన్నేళ్ల తర్వాత ఒక పరిశోధన నేరుగా ఆయన గేటు ముందుకొచ్చి నిలబడింది. ఓనరు కుర్చీ సర్దుకున్నాడు, కళ్లజోడు తుడుచుకున్నాడు, ఆంటీని టీ పెట్టమన్నాడు, భోజనమై గంట కాలేదని లోపల్నుంచి జవాబొచ్చింది.

“ఇప్పుడే చెప్పలేం బిడ్డా” అన్నాడు చాలాసేపటికి. “నన్నొక్కన్నే అడిగితే శాంపుల్ సైజు చాలదు. పక్కింటోన్ని గూడ అడిగి రా.”