బాటిల్‌నెక్ బాబాయి

మీ కంప్యూటర్‌లో ఆట ఆగి ఆగి నడుస్తోందన్న మాట కలకత్తా ఏక్‌బాల్‌పూర్‌లో గట్టిగా అనకండి. డైమండ్ హార్బర్ రోడ్డు మీద బస్సుల హారన్ల మధ్య అన్నా సరే, అది బాటిల్‌నెక్ బాబాయి చెవిన పడుతుంది. ఎక్కణ్ణుంచో ఊడిపడతాడు. మీ పేరు కూడా అడక్కుండా మీ ప్రాసెసర్ ఏ ఏడాదిదో అడుగుతాడు. తర్వాత గ్రాఫిక్స్ కార్డు పేరు. రెండూ విన్నాక కాసేపు కళ్ళు మూసుకుని, "పాపం, కార్డుది ఏ తప్పూ లేదు" అని తీర్పు చెప్తాడు. అతని కోర్టులో బోనెక్కేది సాధారణంగా ప్రాసెసరే.

కంప్యూటర్ విడిభాగాలు అమ్మే బజారున్న ప్రతి ఊళ్ళోనూ ఈ రకం మనిషి ఒకడుంటాడు. సికింద్రాబాద్ చినాయ్ ట్రేడ్ సెంటర్ మెట్ల మీద కనిపిస్తాడు, ఇక్కడి చాందినీ చౌక్‌లోనూ కనిపిస్తాడు. మావాడు తెలుగువాడు కావడం మా ప్రాప్తం. వాళ్ళ తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి గార్డెన్ రీచ్‌లోని సౌత్ ఈస్టర్న్ రైల్వే ఆఫీసులో గుమాస్తాగా వచ్చారు. 2003 దాకా వాల్తేరు డివిజన్ ఆ రైల్వే కిందే ఉండేది కనక ఆ వరండాల్లో తెలుగు బాగానే వినిపించేదట. తాతగారు ఫైళ్ళు చూశారు, తండ్రిగారు ఫైళ్ళు చూశారు, బాబాయి రేవు దగ్గర సరుకు క్లియరెన్సు ఆఫీసులో ఫైళ్ళు చూస్తాడు. అదంతా పగటి సంగతి. రాత్రి తొమ్మిది దాటితే పరీక్షలు మొదలు.

పరీక్షలంటే ఆడటం అనుకుంటారేమో, కాదు. బాబాయి ఆటలాడగా చూసినవాళ్ళు లేరు.

అతని దగ్గర కార్డు ఒక్కటే, 12 జీబీ ఆర్‌టీఎక్స్ 3060. అది 2021లో బజారులోకి వచ్చినప్పుడు క్రిప్టో మైనింగ్ వాళ్ళు కార్డులన్నీ ఎత్తుకుపోతుంటే ధర ఆకాశాన్నంటింది. బాబాయి ఓపిక పట్టాడు. 2022 సెప్టెంబర్ 15న ఇథీరియం మైనింగ్ పద్ధతిని వదిలేసింది. వాడేసిన కార్డులు గుట్టలుగా బయటపడ్డాయి. ఆ పూజల సీజన్లో ఊరంతా పందిళ్ళు చూడ్డానికి తిరుగుతుంటే, ఈయన చాందినీలో ఒక్కొక్క కార్డూ తిరగేసి ఫ్యాన్లలో దుమ్ము చూస్తూ తిరిగాడు.

ఒకటే కార్డు, ప్రాసెసర్లు మాత్రం నాలుగు. 2011 నాటి ఐ5-2400 ఏదో ఆఫీసు పాత సామాన్లలో దొరికింది. 2014 నాటి ఐ7-4790, 2019 నాటి రైజెన్ 5 3600, 2022 నాటి రైజెన్ 5 5600 ఒక్కొక్కటే వచ్చి చేరాయి. వాటిని స్టీలు డబ్బాల్లో, నురుగు స్పాంజిలో పెట్టి, డబ్బా మీద ఏడాది రాసి వంటింటి పై అరలో దాచాడు. జీలకర్ర కోసం వెతుకుతూ వాళ్ళమ్మగారు 2014ని తీసిన రోజున ఇంట్లో జరిగిన రభస నేను రాయను.

పరీక్షాశాల భోజనాల బల్ల. మదర్‌బోర్డు దాని అట్టపెట్టె మీదే కూర్చుంటుంది, క్యాబినెట్ ఉండదు. పవర్ బటన్ కూడా ఉండదు, రెండు పిన్నులకి స్క్రూడ్రైవర్ మొన తగిలిస్తే లేస్తుంది. పాత ఇంటెల్ రెండింటికీ సాకెట్లు వేరు, బోర్డులు వేరు, మెమరీ డీడీఆర్3. రైజెన్లు రెండూ ఒకే ఏఎమ్4 బోర్డులో కూర్చుంటాయి, మెమరీ డీడీఆర్4. ఇక్కడే బాబాయికి ధర్మసందేహం. మెమరీ మారాక తేడా ప్రాసెసర్‌ది ఎంత, మెమరీది ఎంత? ఈ ప్రశ్న వేసుకుని రెండు వారాలు భోజనం సరిగ్గా చెయ్యలేదు. చివరికి "పాత ఇల్లు పాత సామాన్లతోనే లెక్క" అని సర్దిచెప్పుకున్నాడు, కానీ ఆ బాధ మొహంలో ఇప్పటికీ ఉంది.

ఒకసారికి ఒకటే మార్చాలి, మిగతావన్నీ కదలకూడదు. ఇది అతని మతం. అందుకని పరీక్ష జరిగేంతసేపూ సీలింగ్ ఫ్యాన్ రెగ్యులేటర్ మూడు మీదే ఉండాలి. మే నెల కలకత్తా ఉక్కలో వాళ్ళమ్మగారు దాన్ని అయిదుకి తిప్పితే ఆ రాత్రి లెక్కలన్నీ చించేసి మళ్ళీ మొదలుపెట్టాడు. ఆవిడ ఉత్తరాంధ్ర యాస ఇన్నేళ్ళ కలకత్తాలోనూ చెక్కుచెదరలేదు. "ఏటిరా బాబూ, సాయంత్రం ఇప్పినావు, రాతిరికి బిగించినావు. ఈ మజ్జిలో జరిగిందేటి?" అని అడిగింది. చేతిలో కాగితంతో "వేగం పెరిగిందమ్మా" అన్నాడు. "ఎవులికి?" అంది. ఆ ప్రశ్నకి జవాబు నా దగ్గరా లేదు.

సైబర్‌పంక్ 2077 పూర్తి ధర పెట్టి కొన్నాడు. అందులో ఒక మహానగరం ఉంది, బోలెడు కథ ఉంది. బాబాయికి అందులో తెలిసింది ఒక్క సంత వీధే. ఎందుకంటే అక్కడ జనం ఎక్కువ. ఒక్కొక్క మనిషి ఎటు నడవాలో, ఎవరికి అడ్డం రాకూడదో లెక్కవెయ్యాల్సింది ప్రాసెసర్, కాబట్టి ప్రాసెసర్ బండారం బయటపడేది అక్కడే. సెట్టింగుల్లో జనసమ్మర్దం 'హై' మీద పెడతాడు. అదే మెట్ల దగ్గర మొదలై, అదే దుకాణాల ముందునుంచి నడిచి, అదే మలుపు దగ్గర ఆగుతాడు. మూడుసార్లు. తర్వాత ప్రాసెసర్ మార్చి మళ్ళీ మూడుసార్లు. కిందికి దిగితే ఏక్‌బాల్‌పూర్ లేన్‌లో అంతకు మించిన జనం ఉచితంగా దొరుకుతారు, కానీ వాళ్ళని ఒకే దారిలో మూడుసార్లు నడవమంటే నడవరు. జీటీఏ 5 సంగతీ అంతే. అందులో ఉన్న పరీక్ష పరుగు చివర ఒక పెట్రోలు ట్యాంకరు పేలుతుంది. ఆ ట్యాంకరు పేలడం అతనికి కంఠతా వచ్చు. ఆ కథలో నాయకుడెవరో మాత్రం తెలీదు.

అతని పద్ధతిని వెక్కిరించడం తేలికే, తప్పుపట్టడమే కష్టం. పక్క గల్లీ కుర్రాడొకడు ఐ5-2400 పెట్టుకుని కౌంటర్ స్ట్రైక్ 2 ఆడుతున్నాడు. ముప్ఫైవేలు జమచేసి కొత్త కార్డు కొనబోతున్నాడు. బాబాయి వాడింటికి వెళ్ళి, ఆట రిజల్యూషన్‌ని 1080 నుంచి 720కి దించాడు. బొమ్మ మసకబారింది గానీ సెకనుకి వచ్చే ఫ్రేముల సంఖ్య దాదాపు ఉన్నచోటే ఉంది.

"చూశావా భాయ్? కార్డు పని సగానికి పైగా తగ్గించాను. అయినా వేగం పెరగలేదు. అంటే నీ కార్డు ఊరికే కూర్చుంది. ఇంకో కార్డు తెస్తే అది కూడా కూర్చుంటుంది."

కుర్రాడు టాస్క్ మేనేజర్ చూపించి తన అన్న కొత్త కంప్యూటర్ గురించి వాదానికి దిగాడు, దాని ప్రాసెసర్ ఎప్పుడూ 30 శాతం దాటదట. బాబాయికి ఆ మాట అమృతం. 12 దారాలు (థ్రెడ్లు) ఉన్న ప్రాసెసర్‌లో ఒక్క దారం పూర్తిగా ఇరుక్కుపోయినా మొత్తం మీద చూపించేది 8 శాతమే. కార్డుకి ఏం గియ్యాలో చెప్పే పనిలో ముఖ్యభాగం చాలా ఆటల్లో ఒకటి రెండు దారాల మీదే నడుస్తుంది. ఆ దారం ఒక్క ఫ్రేము సిద్ధం చెయ్యడానికి 12 మిల్లీసెకన్లు తీసుకుందనుకోండి, సెకనుకి 83 ఫ్రేములే. కార్డు 5 మిల్లీసెకన్లలో గియ్యగలిగినా సరే, 83కి మించవు. కుర్రాడికి లెక్క ఎక్కకపోతే రేవు దగ్గరి బాస్క్యూల్ బ్రిడ్జిని రంగంలోకి దించాడు. ఓడ డాకులోకి వెళ్ళేటప్పుడు ఆ వంతెన పైకి లేస్తుంది, లారీలు ఆగిపోతాయి. "అవతల రోడ్డుని పది వరసలు చేస్తే లారీ త్వరగా వస్తుందా?" అన్నాడు. ఆ లారీలకి కాగితాలు రాసే ఉద్యోగం కనక ఈ మాట అనేటప్పుడు గొంతులో అనుభవం పలికింది.

కుర్రాడు కార్డు మానుకుని, ఆ డబ్బుతో సెకండ్‌హ్యాండ్ బోర్డు, ప్రాసెసర్, మెమరీ కొన్నాడు. ఇంకా మిగిలింది కూడా. దుకాణంవాడు అప్పట్నుంచి బాబాయి కనిపిస్తే షట్టరు సగం దించుతున్నాడు.

తీర్పు తిరగబడ్డ కేసు కూడా ఒకటుంది. దగ్గర్లోని ఆసుపత్రి డాక్టరుగారొకాయన పెద్ద 4కే టీవీకి కంప్యూటర్ తగిలించి ఆడతారు. ఎవరో చెప్పారని ఖరీదైన కొత్త ప్రాసెసర్ వేయించుకుని, ఏమీ తేడా లేదేమిటని అడిగారు. ఉండదు మరి. 1080లో తెరమీద చుక్కలు 20 లక్షల పైచిలుకు, 4కేలో 83 లక్షలకు దగ్గర. నాలుగింతలు గియ్యడంలో కార్డుకే ఊపిరాడదు, ప్రాసెసర్ పాతదైనా కొత్తదైనా దాని కోసం ఎదురుచూడాల్సిందే. ఆ రోజు బాబాయి మొట్టమొదటిసారి కార్డుని దోషిగా ప్రకటించాడు. ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకున్నాడట.

సగటు అన్న మాట వింటే అతనికి చిరాకు. సగటున 90 ఫ్రేములొస్తున్నా మధ్యమధ్యలో ఒకటి రెండు ఆలస్యమైతే కంటికి కుదుపు తగులుతుంది. అందుకే నూటికి ఒక్కటిగా వెనకబడే ఆ ఫ్రేముల లెక్క విడిగా తీస్తాడు. నాలుగే కోర్లు, నాలుగే దారాలు ఉన్న 2011 ప్రాసెసర్ కొత్త ఆటల్లో ఓడిపోయేది ముఖ్యంగా ఈ లెక్కలోనే. బాబాయి దీన్ని జీవితానికంతటికీ వర్తింపజేశాడు. మొమిన్‌పూర్‌లో బిర్యానీ చెప్పి, ఎంతసేపవుతుందని అడగడు. "అన్నిటికన్నా ఎక్కువ ఆలస్యమైన రోజున ఎంతసేపు పట్టింది?" అంటాడు. ఆ రోజుకి అతని ప్లేటే ఆఖరు.

2024 డిసెంబర్‌లో ఇంటెల్ ఆర్క్ బీ580 కార్డు వచ్చింది. ధరకి మంచి కార్డని అంతా పొగిడారు. మరుసటి నెలలో పరీక్షకులు దాన్ని పాత, చవక ప్రాసెసర్లతో పెట్టి చూస్తే కొన్ని ఆటల్లో వేగం బాగా పడిపోయింది. దాని డ్రైవరు ప్రాసెసర్ నెత్తిన ఎక్కువ పని పెడుతోందని తేలింది. కొత్త ప్రాసెసర్‌తో పోటీ కార్డుని కొట్టేది, పాతదానితో వెనకబడేది. అంటే కార్డుకి స్థిరమైన వేగమంటూ లేదు, పక్కన ఎవరున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఏళ్ళ తరబడి ఇదే మాట అరిచిన బాబాయి ఆ సంగతి తెలిసిన రోజు వీధిలో రసగుల్లాలు పంచాడు. పరీక్ష పాసైందెవరని అడిగినవాళ్ళకి "ఫెయిలైంది" అని సంతోషంగా చెప్పాడు.

పోయిన దసరాకి విశాఖ నుంచి మేనల్లుడొచ్చాడు, ఇంటర్ చదివే గుంటడు. మావయ్య నాలుగు ప్రాసెసర్ల పట్టికని గోడ మీద అంటించి, 3600 నుంచి 5600కి ఎన్ని ఫ్రేములు పెరిగాయో, ఆ తేడా 2011తో పోలిస్తే ఎంతో వేలు పెట్టి చూపిస్తుంటే బుద్ధిగా విన్నాడు. మధ్యలో లేచి తెర వెనక్కి వెళ్ళి స్టిక్కరు చదివాడు.

"మావయ్యా, ఈ మానిటర్ 60 హెర్ట్జ్ కదా?"

"అయితే?"

"సెకనుకి 60కి మించి చూపించదు కదా. మరి ఈ 90కీ 130కీ తేడా నువ్వు చూడ్డం ఎలా?"

"చూడ్డానికి కాదురా, కొలవడానికి. లెక్క తెర వెనకే జరుగుతుంది," అన్నాడు బాబాయి. శాస్త్రం ప్రకారం అది నూటికి నూరుపాళ్ళు నిజం. అయినా ఆ తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

వంటింట్లోంచి వాళ్ళమ్మగారు, "ఏటి, ఇంకోటి కొనాలా?" అంది.

"144 హెర్ట్జ్‌ది కొంటే ఒక్కో ఫ్రేముకీ 6.9 మిల్లీసెకన్లే టైమమ్మా," అంటూ బాబాయి అప్పటికే కాగితం వెనక లెక్క వేస్తున్నాడు, "అంత తొందర ఈ ప్రాసెసర్‌తో కాదు."