రెండు రూపాయలకైనా వెనక్కి వెళ్లి రండి

సోమందేపల్లి నుంచి హిందూపురం పోయే బస్సులో మనకు రావాల్సిన చిల్లర అడగడం ఎవరూ మరిచిపోరు. అదే కండక్టరు పొరపాటున రెండు రూపాయలు ఎక్కువిస్తే జేబులో వేసుకుని దిగిపోతాం. ఇంటికొచ్చి లెక్క చూసుకున్నాక అట్లా తేలిందా, ఆ రోజే తిరిగి పోయి ఇచ్చి రండి. రానూపోనూ చార్జీ దానికి ఎన్ని రెట్లయినా కానివ్వండి. పోయిన ఎండాకాలం నేను అట్లే పోయినాను. ఆయన డ్యూటీ దిగి ఊరికి పోయినాడన్నారు. ఊరు కనుక్కుని అక్కడికీ పోయినాను. నిద్రలో ఉంటే లేపించాను. లుంగీ సర్దుకుంటూ బయటికొచ్చి, అరచేతిలో బిళ్లను చూసి, నన్ను చూసి, "ఇందుకోసమా సార్?" అన్నాడు. ఇందుకోసమే.

చిన్నదే కదా అనేవాళ్లకు సత్యం కంప్యూటర్స్ గుర్తుచేస్తాను. 2009 జనవరి 7న ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖలో ఒప్పుకున్నది ఇదే: లెక్కల్లో మొదట తేడా కొంచెమే, ఏళ్లు గడిచేకొద్దీ పెరిగిపోయింది. నగదు, బ్యాంకు నిల్వల్లో లేని డబ్బు 5,040 కోట్లు ఉన్నట్టు చూపించారు. కాబట్టి రెండు రూపాయల దగ్గరే ఆపాలి.

పది రూపాయల బిళ్ల చెల్లదని కొన్ని అంగళ్లలో అంటుంటారు. 14 నమూనాల్లో వచ్చిన ఆ బిళ్లలన్నీ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలోనే చెప్పింది. అంగడాయన తీసుకునేదాకా గల్లా ముందు నుంచి కదలొద్దు. వెనక పదిమంది నిలబడినారా, మంచిదే. వాళ్లకూ తెలుస్తుంది.

ఇక పలకరింపులు. "అన్నం తిన్యావా?" అంటే ఆకలితో ఉండి కూడా "ఇప్పుడే తిన్యా" అంటాం. వద్దు. "తినలేదు, పెట్టు" అనండి. "బాగుండావా అన్నా?" అని అడిగితే మోకాళ్లు, షుగరు, కొడుకు ఫోన్ చేయకపోవడం, అన్నీ వరసగా చెప్పండి. అడిగినాయన బస్సు పోతే ఇంకో బస్సు వస్తుంది.

పెళ్లిళ్లలో మరీ జాగ్రత్త. ధర్మవరం పట్టు అని చీర చూపిస్తే "బాగుంది" అని తప్పుకోవద్దు. కొంగు అంచున వేలాడే పోగొకటి అడిగి తీసుకుని అగ్గిపుల్లతో కాల్చండి. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. పాలిస్టరయితే కరిగి గట్టి ముద్ద కడుతుంది. తేలిందేదో అందరి ముందే చెప్పండి. పెళ్లికూతురి తల్లి కళ్లనీళ్లు పెట్టుకున్నా ఆగొద్దు. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని రోజుల తరబడి నేసినాయన కూలికి ఆ అబద్ధమే గండి కొడుతుంది. నాకు ఆ బాధ ముందు. ఒక ఇంటివాళ్లు నన్ను మళ్లీ శుభకార్యాలకు పిలవలేదు. పిలవకపోయినా నేను చెప్పిందే చెబుతాను.

అన్నిటికన్నా ముఖ్యంగా ఇంట్లో ఒక నోటుపుస్తకం పెట్టండి. ఎవరు ఏ అబద్ధం ఆడినారో పేరు, టైము వేసి రాయాలి. ఆదివారం అందరినీ కూర్చోబెట్టి చదవాలి. స్నానమైనా చేయకుండా ఫోన్లో "దారిలో ఉన్నా" అన్న మాట నా పేరు కిందే మూడుసార్లు ఉంది.

కండక్టరు ఊరి నుంచి తిరిగొచ్చిన ఆ సాయంత్రం మా ఆవిడకు ఒంట్లో బాగలేక పులుసు నేనే చేశాను. ఉప్పు ఎక్కువైంది. ఆమె రెండు ముద్దలు తిని "బాగుంది" అంది. ఆమె పేరు కింద రాసి, ఆదివారం చదివి వినిపించాను. "అంత ఎండలో తిరిగొచ్చి పొయ్యి దగ్గర నిలబడినారు, అందుకని అన్నా" అంది. ఆ కారణం కూడా పక్కనే రాసుకున్నాను.