లాగిన్ కాలేదుగా!

మన దేశంలో బనియను కొనాలన్నా ఫోన్ నంబరు చెప్పాలి. బిల్లింగ్ కౌంటర్లో అమ్మాయి తలెత్తకుండానే "నంబర్ చెప్పండి సార్" అంటుంది. మనం వెనక క్యూ మొత్తానికీ వినపడేలా పది అంకెలూ అప్పజెప్తాం. నంబరు కోసం అలా పట్టుబట్టొద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలోనే దుకాణాలకు చెప్పింది. ఆ సంగతి కౌంటరు దాకా ఇంకా నడిచొస్తున్నట్టుంది. ఆధార్ జిరాక్సులు ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వొద్దని 2022 మే 27న ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయం హెచ్చరించింది. జనం అపార్థం చేసుకుంటారేమోనని 29నే ఆ హెచ్చరికను వెనక్కి తీసుకున్నారు. సరిగ్గానే అర్థం చేసుకుంటారని భయపడ్డారని నా అనుమానం.

ఇలాంటి చోటికి ఖాతా అడగని చాట్‌బాట్ వచ్చింది. 2022 నవంబరులో పుట్టిన కొత్తలో చాట్‌జీపీటీ సైతం మెయిలూ ఫోన్ నంబరూ ఇవ్వందే పలికేది కాదు. 2024 ఏప్రిల్ 1న దాన్ని తయారుచేసిన ఓపెన్ఏఐ "ఇక ఖాతా అక్కర్లేదు" అని ప్రకటించింది. ఆ తేదీన చెప్పినా అది నిజమే.

మా బాబాయికి ఇది తెగ నచ్చింది. "నా వివరాలు ఆ అమెరికా వాడికెందుకురా? అకౌంటు ఇచ్చేది లేదు" అని ఇన్‌కాగ్నిటో కిటికీ తెరిచి, ఇంటి కిటికీ మూసి, ఒంటివేలితో టైపు చేశాడు.

"అయ్యా, నమస్కారం. నేను ఫలానా ఇంటిపేరు, ఫలానా పేరు గలవాడిని. భారద్వాజస గోత్రం. స్వస్థలం తెనాలి దగ్గర. ప్రస్తుతం కూకట్‌పల్లి, గుడి వెనక సందులో మూడో మేడ, లిఫ్టు ఎదురు ఫ్లాటు. పరగడుపున షుగరు 180. మా రెండోవాడు డల్లాస్‌లో ఉంటాడు, వాడి వీసా అక్టోబరుతో ఆఖరు, వాడికీ కోడలికీ పొసగడం లేదు. పొలం విషయమై మా తమ్ముడి మీద కేసు వేయవచ్చునా? ఈ సంగతి ఎవరితోనూ అనవద్దు."

"ఇదేంటి బాబాయ్, మొత్తం చెప్పేశావు?" అంటే, "చెప్తే ఏమైందిరా, లాగిన్ కాలేదుగా!" అన్నాడు.

లాగిన్ కాకపోతే జరిగేదల్లా ఒకటే. పేజీ మూశాక మన మాటలు మనకు కనపడవు. వాళ్లకూ కనపడవని ఎవరూ అనలేదు. ఐపీ అడ్రసు ఎలాగూ వెళ్తుంది. టైపు చేసినదాన్ని మోడల్ శిక్షణకు వాడుకునే వీలూ మనం ఆపేదాకా ఆన్‌లోనే ఉంటుంది. ఆపే మీట సెట్టింగ్స్‌లో ఉందని, ఖాతా లేనివాళ్లకూ పనిచేస్తుందని ఓపెన్ఏఐ ఆ ఏప్రిల్ 1నే చెప్పింది. పాపం, దాచలేదు. మనం సెట్టింగ్స్ వైపు వెళ్లబోమన్న నమ్మకం వాళ్లకుంది.

ఖాతా అడగని చాట్ నడిపే డక్‌డక్‌గో వాళ్లది ఇంకాస్త మర్యాద. మన ఐపీ అడ్రసు తీసేసి, తమదే పెట్టి ప్రశ్నను పంపుతారు. ఆ మాటలను శిక్షణకు వాడకుండా మోడళ్ల కంపెనీలతో ఒప్పందం చేసుకున్నామంటారు. బాగానే ఉంది. గోత్రం మనమే టైపు చేస్తే వాళ్లు మాత్రం ఏం చేస్తారు?

మర్నాడు బాబాయి "నిన్నటి కేసు సంగతేం చేశావు?" అని అడిగాడు. "ఏ కేసండీ?" అంది యంత్రం. ఖాతా లేనివాడి పాత మాటలు దానికి గుర్తుండవు. బాబాయి నొచ్చుకున్నాడు. ఇంత మనసు విప్పి చెప్పుకుంటే మరిచిపోతుందా అని మళ్లీ గోత్రం దగ్గర మొదలుపెట్టి, ఈసారి బ్లడ్ గ్రూపు కూడా చేర్చాడు.

అకౌంటు ఇవ్వనన్న ఆ పట్టుదల ఎక్కడ సడలిందో చెప్పాలి. డబ్బు కట్టి వాడుకునే చాట్‌జీపీటీ గో 2025 నవంబరు 4 నుంచి మన దేశంలో ఏడాది పాటు ఉచితమన్నారు. దానికి మాత్రం ఖాతా కావాలి. "ఉచితం" అని చెవిన పడగానే బాబాయి నంబరిచ్చాడు, మెయిలిచ్చాడు, వద్దంటున్నా పిన్ని నంబరుతో ఇంకో ఖాతా కూడా తెరిచాడు. అమెరికా వాడి ఊసే లేదు.

లాగిన్ కాకుండా వాడుకోండి, మంచి అలవాటే. ముందుగా సెట్టింగ్స్‌లో ఆ శిక్షణ మీట ఆపండి. ఆధార్, పాన్, ఓటీపీలు టైపు చేయకండి. ల్యాబ్ రిపోర్టు అడగాలంటే పేరు కొట్టేసి అంకెలే ఇవ్వండి. తమ్ముడి సంగతైతే "ఒకాయనకు తమ్ముడితో పొలం తగాదా" అని అడగండి. "లాయరును సంప్రదించండి" అన్న జవాబు దానికీ వస్తుంది.