లాంపు అప్పగించి ఇంటికొచ్చేవాళ్లం

మా మనవడి ఉద్యోగానికి మొదలుంది గానీ చివర లేదు. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ కంపెనీ. పొద్దున పదింటికి ల్యాప్‌టాప్ తెరుస్తాడు. రాత్రి తొమ్మిదింటికి అమెరికా వాళ్లతో మీటింగ్ మొదలు, అప్పుడు టెక్సాస్‌లో పొద్దున పదిన్నర. నవంబరులో వాళ్లు గడియారాలు గంట వెనక్కి తిప్పుకుంటారు. దాంతో మావాడి మీటింగ్ పదింటికి, భోజనం పదకొండు దాటాక. ఎక్కడో చలికాలం వచ్చిందని ఇక్కడ మియాపూర్‌లో నా మునిమనవరాలు తండ్రి మొహం చూడకుండా నిద్రపోవాలా?

నేను గోదావరిఖనిలో, సింగరేణి భూగర్భ గనిలో పనిచేసి దిగిపోయినవాణ్ణి. గని అని మేం అనం, బాయి అంటాం. బాయి పని సుఖమని ఎవడైనా అంటే వాడు బాయి దిగనివాడు. వేళగాని వేళ సైరన్ మోగిందంటే క్వార్టర్లలో ఆడవాళ్లు పొయ్యి మీది అన్నం పొయ్యి మీదే వదిలి బాయి దగ్గరికి పరుగెత్తేవాళ్లు. అంత భయం ఉన్న పనికి కూడా ఒక హద్దుండేది. మొదటి షిఫ్టు ఏడింటికి, రెండోది మూడింటికి, నైట్ షిఫ్టు పదకొండుకు. దిగేముందు లాంపు రూంలో క్యాప్ లాంపు తీసుకునేవాళ్లం. పైకి రాగానే బ్యాటరీతో సహా అక్కడే అప్పగించాలి, చార్జింగుకు ర్యాకులో పెడతారు. షిఫ్టు అయిపోయినా ఎవరి లాంపైనా రాలేదంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నాడేమోనని వెతుకులాట మొదలయ్యేది. లాంపు ఇచ్చేశాక మనం కంపెనీ మనుషులం కాదు. మార్కండేయ కాలనీలో తిరుగుతామో, పిల్లల్ని సైకిలు మీద గోదావరి ఒడ్డుకు తీసుకెళ్తామో, అది మన ఇష్టం. ఇప్పుడు పనిముట్టే ఇంటికొస్తోంది. భోజనాల బల్ల మీద, మంచం మీద, పండక్కి ఊరొస్తే నా పడక్కుర్చీ మీద.

మాకు ఆ హద్దు ఏ మేనేజరూ దయతో ఇవ్వలేదు. 1952 నాటి గనుల చట్టంలో రాసి ఉండేది: భూగర్భంలో రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించి పనిచేయించకూడదు. వారంలో ఆరు రోజులకు మించి పని పెట్టకూడదు. అందులో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించే మాట మరొకటి ఉండేది. రిజిస్టరులో ఆ మనిషికి రాసిన వేళల్లో తప్ప అతన్ని భూమి లోపల ఉండనివ్వనే కూడదు. పని మీద ప్రేమతో ఇంకో గంట ఉంటానన్నా కుదరదు. ఎందుకంటే ఒకడు ఉండిపోతే పక్కవాడూ ఉండిపోవాల్సి వస్తుంది.

మావాడి కంపెనీలో జరుగుతున్నది సరిగ్గా అదే.

"ఎవరు కూసోమన్నర్రా ఈ రాత్రి?" అని అడిగాను.

"ఎవరూ అనలే తాతా. అందరు ఆన్‌లైన్ల ఉన్నరు. నేనొక్కన్నే లేకుంటే అప్రైజల్ల యాది పెట్టుకుంటరు."

పోయిన వేసవిలో మంచిర్యాలలో వాడి మేనత్త కూతురి పెళ్లి. సెలవు పెట్టే వచ్చాడు. సెలవు మంజూరు చేసిన మేనేజరే సరిగ్గా తలంబ్రాల వేళకు ఫోన్ చేసి అయిదు నిమిషాల పనన్నాడు. గంటన్నర పట్టింది. విడిదింట్లో మూలగదిలో, పెళ్లిబట్టల్లో, చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకుని కూర్చున్నాడు నా మనవడు. చిన్నప్పటి నుంచి ఒక్క కంచంలో తిన్న పిల్ల పెళ్లి అది. ఫొటోల్లో ఎక్కడా వీడు లేడు. మాకు నాగా పెడితే ఆ రోజు కూలి పోయేది, ఎక్కువైతే ఛార్జిషీటు వచ్చేది. బాయి మాత్రం మా వెంట పెళ్లికి రాలేదు.

మా రోజుల్లో అంతా బాగుందని నేననను. నైట్ షిఫ్టు వారంలో నేను పగలు పడుకుంటే, చప్పుడు కాకుండా మా ఇంటామె పిల్లల్ని వేపచెట్టు కిందికి తోలుకుపోయేది. షిఫ్టు దిగి వచ్చేసరికి బొగ్గు వదిలించుకోవడానికి కాగు నిండా వేణ్ణీళ్లు. ఆమె పనికి షిఫ్టు లేదు, వారపు సెలవు లేదు, ఏ చట్టమూ ఆమె గంటలు లెక్కపెట్టలేదు. ఈ కాలానికి అది తగ్గాలి కదా! మనవడి పెళ్లానికీ ఉద్యోగమే, ఆమెకూ రాత్రి మీటింగులే. పొద్దున్నే టిఫిన్ డబ్బాలూ ఆమే కట్టాలి. తగ్గాల్సిన అన్యాయం రెండింతలైంది.

2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు యువకులు వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 మొదట్లో ఎల్ అండ్ టీ చైర్మన్ 90 గంటల మాట ఎత్తారు, ఆదివారాలు కూడా పనిచేయించలేకపోతున్నానని బాధపడ్డారు. వాళ్లు పెద్దవాళ్లు, కంపెనీలు నిలబెట్టినవాళ్లు. అయినా ఒక చరిత్ర గుర్తుచేయాలి. 1919లో వాషింగ్టన్‌లో అంతర్జాతీయ కార్మిక సంస్థ మొట్టమొదటి ఒప్పందం రోజుకు 8, వారానికి 48 గంటలని రాసింది. బ్రిటిష్ ఇండియాకు మాత్రం 60 గంటలంది. బానిస దేశం కాబట్టి పన్నెండు గంటలు ఎక్కువ. తర్వాత్తర్వాత ఆ తేడా చెరిపేసుకుని 48కి వచ్చాం. ఇవాళ మనవాళ్లే తెల్లవాడి 60ని కూడా దాటి 70 అంటుంటే, చప్పట్లు కొట్టేవాళ్లను చూసి నా కడుపు మండుతుంది.

పైగా తెలంగాణలో ఐటీ కంపెనీలకు దుకాణాలు, సంస్థల చట్టంలోని పనివేళల నిబంధనల నుంచి ఏళ్ల తరబడి మినహాయింపు. 2025లో రెండు తెలుగు ప్రభుత్వాలూ వారానికి 48 అన్న గీతను అలాగే ఉంచి, రోజు పనిని పది గంటలదాకా పెంచే దారి తెరిచాయి. ఫ్రాన్స్‌లో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 నుంచి పనివేళలు దాటాక ఫోనుకు బదులివ్వకుండా ఉండే హక్కును చట్టంలో రాసుకున్నారు. మన లోక్‌సభలో 2018లో సుప్రియా సూలే అలాంటి బిల్లే పెట్టారు. చట్టం కాలేదు. దాని గురించి మా మనవడి స్నేహితుల్లో ఒక్కడికీ తెలియదు. జీతం స్లిప్పులో ప్రతి అక్షరం తెలిసిన పిల్లలకు ఇది తెలియకపోవడం నాకు మింగుడుపడదు.

"సంఘం పెట్టుకోండ్రా" అంటాను.

"నౌకరీ పోతది తాతా" అంటాడు.

నిజమే, పోవచ్చు. ఇంటి అప్పుంది, పిల్ల స్కూలు ఫీజుంది. మాకూ సస్పెన్షన్లు వచ్చాయి, సమ్మె రోజుల్లో ఉద్దెర సరుకులతో నెలలు గడిపిన ఇళ్లు మా లైన్లోనే ఉన్నాయి. ఆ భయం నాకు కొత్త కాదు, దాన్ని చిన్నచూపు చూడను. కానీ వాడుండే అపార్ట్‌మెంటులో సగానికి పైగా ఐటీ కాపురాలే. అందరూ ఒకే లిఫ్టులో ఎక్కిదిగుతూ, ఒకే బాధ ఎవరికి వాళ్లు మోస్తున్నారు. ఒక ఆదివారం కింద హాల్లో కూర్చోండి, సెలవు పెట్టిన రోజు ఫోన్ చేయొద్దన్న ఒక్కటే కోరిక రాసి అందరూ సంతకాలు పెట్టండి, మిగతావి తర్వాత చూద్దాం అన్నాను. వాడు ఇంకా అవునూ అనలేదు, కాదూ అనలేదు.