చిల్లపెంకు

పుట్టుకతో నేను ద్రాక్షసారా జాడీని. నైలు ఒండ్రుమట్టి ఒళ్లు, లోపల సారా ఇంకిపోకుండా తారులాంటి నల్ల పూత. ఏడో శతాబ్దంలో థీబ్స్ పడమటి కొండమీదికి మోసుకొచ్చారు, అక్కడే పగిలాను. ఇప్పుడా కొండ పేరు షేక్ అబ్ద్ అల్ ఖుర్నా.

అక్కడ డాగా అనే మంత్రిగారి సమాధి ఉంది. ఆయన పోయిన రెండున్నర వేల ఏళ్లకు ఎపిఫేనియస్ అనే క్రైస్తవ సన్యాసి, ఆయన్ని నమ్ముకున్నవాళ్లు అందులో మకాం పెట్టారు. చుట్టూ పచ్చి ఇటుకలతో గదులు, బురుజులు లేపారు.

ఎడారి సన్యాసి అనగానే జనానికి మౌనం, ఉపవాసం, దయ్యాలతో కుస్తీ గుర్తొస్తాయి. నన్నడిగితే ముందు మగ్గం చప్పుడంటాను. గదుల నేలల్లో మగ్గం గుంటలుండేవి. అవిసె నారతో బట్టలు నేసేవారు, ఖర్జూరపు నారతో తాళ్లు పేనేవారు, ఆకులతో బుట్టలల్లేవారు. వాటికి బదులు గోధుమలు రావాలంటే కిందికి కబురు పంపాలి. అది రాయడానికి పపైరస్‌కు డబ్బు పెట్టాలి, పెంకులు ఊరికే దొరుకుతాయి.

అందుకే రెల్లు కలం నా మీదికొచ్చింది. సారె మీద తిరిగినప్పుడు పడ్డ గాళ్లే నాకు గీతలయ్యాయి. రాసింది కాప్టిక్ భాష: గ్రీకు అక్షరాలు, చాలని చోట పాత ఈజిప్టు లిపి నుంచి తెచ్చుకున్న కొన్ని. ముందు తమరి పాదధూళికి నమస్కారాలు. తర్వాత, పపైరస్ దొరకలేదు, పెంకు మీద రాసినందుకు మన్నించాలి అని. (నేనంటే అంత చిన్నచూపు!) ఆ మర్యాదలయ్యాకే అసలు సంగతి, గోధుమలు.

చదివాక చెత్తకుప్పలో పారేశారు. అదే నా అదృష్టం. పక్కనే డెయిర్ అల్ బహ్రీలో ఫారో హత్షెప్సుత్ గుడి మీద వెలసిన మఠాన్ని 19వ శతాబ్దపు తవ్వకాలవాళ్లు గుడికోసం పెళ్లగించేశారు. ఫారోల మీద ఉన్న యావ సన్యాసుల మీద ఉంటేగా! 1911 తర్వాత న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం తరఫున వచ్చిన విన్‌లాక్ మాత్రం మా కుప్పల్నీ జల్లెడ పట్టాడు. మా రాతల్ని కాప్టిక్ పండితుడు క్రమ్ చదివాడు. ఆ తవ్వకాల మీద 1926లో రెండు సంపుటాలొచ్చాయి.

మా కుప్పల్లో ఉత్తరాలే కాదు, చేతిరాత దిద్దుకున్న పెంకులూ ఉన్నాయి. వాటిలో ఒకదాని మీద ఏ సన్యాసో శ్రద్ధగా దిద్దినవి గ్రీకు హాస్యనాటకాల మెనాండర్ పేరిట చెలామణి అయిన సూక్తులు!