కొండ ఎక్కడిది?

మూలం: "తొలుత నాకసము, ఆపైఁ గొండలు, ఆపైఁ దరువులు, పిదప జలము, తుద మెఱుఁగులు."

అవతారిక: అమలాపురంలో ఒక ఆదివారపు పెయింటింగు క్లాసు గోడ మీద గురువుగారు రాయించిన పంచసూత్రి ఇది. ఫలానా బొమ్మ బాగా లేదంటే "ఇంకా మూడో దశలోనే ఉందండి" అంటారాయన. ఫ్రేము కట్టించిన బొమ్మకూ అదే జవాబు.

ప్రతిపదార్థం: ఆకసము, తరువులు, జలము సుగమం. వదిలేస్తున్నాను.

ఆపైఁ గొండలు: సరళాదేశసంధి నిర్దుష్టం, కొండే దోషం. మూలంలో లేనిది రాయనన్నాడు మల్లినాథసూరి. ఈ కొండకు మూలమేది? గౌతమికీ వసిష్ఠకూ నడుమ గోదావరి పరిచిన ఒండ్రునేల కోనసీమ. మేడెక్కి చూసినా కొబ్బరి తలలే.

పూర్వపక్షం: దామెర్ల రామారావు (1897–1925) కొండలు వేస్తే ఒప్పుకోమా? ఒప్పుకుంటాం. ఆయనది రాజమండ్రి, ఏటికి ఎదురెళ్తే పాపికొండలున్నాయి.

సాదృశ్యమనేది ఒకటుంది కదా. కామసూత్రాలకు జయమంగళ వ్యాఖ్య రాసిన యశోధరుడు చిత్రానికి ఆరంగాలు చెప్పాడు: రూపభేదం, ప్రమాణం, భావం, లావణ్యయోజనం, సాదృశ్యం, వర్ణికాభంగం. కామశాస్త్రంలో కుంచెకేం పని అంటారేమో. అరవైనాలుగు కళల్లో ఆలేఖ్యం ఒకటి. నాగరకుడి గదిలో వీణతోపాటు చిత్రఫలకం, రంగుల పెట్టె ఉండాలన్నాడు వాత్స్యాయనుడు. వీణ ఏనుగు దంతపు కొయ్యకు వేలాడాలి. పూలదండలుండాలి, చదవడానికో పుస్తకముండాలి, బయట పంజరాల్లో పక్షులుండాలి. గోడ మీద పంచసూత్రి ఉండాలని మాత్రం అనలేదు.

ఎక్కడున్నాం? కొండ దగ్గర.

దశలు తప్పని నేననను. కళ్లు సగం మూసి చూస్తే వివరాలు పోయి చీకటి ముద్దలు, వెలుగు ముద్దలు మిగులుతాయి. వాటిని టర్పెంటైను కలిపిన పల్చటి రంగుతో ముందు పరుచుకోవాలి, చిక్కటి రంగు తర్వాత. మంచి పద్ధతే. కానీ అసలు చూడాలి కదండీ! ఇంటి వెనకే కాలువ ఉన్న పిల్లాడు ఫోనులో చూసి ఎవరిదో కొండ దించుతున్నాడు. మన గాలిలో తేమకు దగ్గరి కొబ్బరి నల్లపచ్చన, వెనక వరస వెలిసిన పచ్చన, ఆ వెనకది బూడిదరంగు. మన దూరమంతా ఆ బూడిదలోనే ఉంది. దాన్ని కలపడం ఒక్కరూ నేర్పరు.

తుద మెఱుఁగులు: ప్రతి ఆకు కొసనా ట్యూబులోంచి తీసిన తెలుపు. కొండ వచ్చాక మంచు రాకుండా ఉంటుందా?

తాత్పర్యం: రెండో దశ తీసేయండి. ఫీజు ఐదింటికీ తీసుకోండి, అభ్యంతరం లేదు.